ఓటు, బంతి, ఒప్పందం: సోక్రటీస్ క్రీడాజీవితం – కొరింథియన్స్ ప్రజాస్వామ్యం (1974–1989)

వ్యాససంగ్రహం

బ్రెజిల్ ఫుట్‌బాల్ చరిత్రలో సోక్రటీస్ (1954–2011) స్థానం రెండు విధాలుగా స్థిరపడింది. 1982 ప్రపంచకప్‌లో అందరి మెప్పూ పొంది, కప్పు మాత్రం పొందలేకపోయిన జట్టుకు ఆయన కెప్టెన్. సైనిక పాలన చివరి సంవత్సరాలలో సావో పావులో నగరంలోని కొరింథియన్స్ క్లబ్బులో ఆటగాళ్ళు నడిపిన ‘కొరింథియన్స్ ప్రజాస్వామ్యం’ అనే ప్రయోగానికి ముఖ్య ప్రతినిధి కూడా ఆయనే. ఈ రెండో అంశంపై వచ్చిన రచనలలో అధికభాగం ఆయనను ఒంటరి వీరుడిగా చిత్రించాయి. ఆ ప్రయోగం ఏ పరిస్థితులలో పుట్టింది, ఎవరెవరు దానిని నిలబెట్టారు, ఆటగాడి శ్రమకు సంబంధించిన చట్టం ముందు దాని శక్తి ఎంతవరకు పనిచేసింది అనే విషయాలను ఆయన క్రీడాజీవితం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బ్రెజిల్, ఫుట్‌బాల్, సోక్రటీస్, సైనిక పాలన, కొరింథియన్స్, ప్రత్యక్ష ఎన్నికల ఉద్యమం, క్రీడా కార్మికులు.

1. ఉపోద్ఘాతం

1984 ఏప్రిల్ 25న బ్రెజిల్ ప్రతినిధుల సభ ముందుకు ఒక రాజ్యాంగ సవరణ వచ్చింది. దేశాధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నది దాని సారాంశం. సభలో 479 మంది సభ్యులున్నారు. సవరణ నెగ్గడానికి మూడింట రెండు వంతులు, అంటే 320 ఓట్లు కావాలి. అనుకూలంగా 298, వ్యతిరేకంగా 65 పడ్డాయి. ముగ్గురు తటస్థంగా ఉండిపోయారు. 113 మంది అసలు సభకే రాలేదు. 22 ఓట్ల తేడాతో సవరణ వీగిపోయింది.

ఈ ఓటమి ప్రభావం బ్రెజిల్ రాజకీయాలతో ఆగలేదు. కొద్ది వారాల తరువాత ఆ దేశపు అగ్రశ్రేణి మిడ్‌ఫీల్డర్ ఒకరు ఇటలీకి వెళ్ళిపోయారు. సవరణ నెగ్గితే దేశం విడిచి వెళ్ళనని లక్షలాది జనం ముందు ఆయన మాట ఇచ్చి ఉన్నారు. ఒక క్రీడాకారుడి బదిలీ ఒక పార్లమెంటు ఓటింగు మీద ఆధారపడటం ఫుట్‌బాల్ చరిత్రలో అరుదైన విషయం. అది ఆవేశంలో అన్న మాటా, లేక అంతకుముందు రెండేళ్ళు క్లబ్బులో సాగిన ఆచరణకు కొనసాగింపా అన్నది తేలాలంటే కొంత వెనక్కి వెళ్ళవలసి ఉంటుంది.

2. తండ్రి గ్రంథాలయం

సోక్రటీస్ 1954 ఫిబ్రవరి 19న అమెజాన్ ముఖద్వార ప్రాంతంలోని బెలెం నగరంలో జన్మించారు. తండ్రి రైముందో ఈశాన్య బ్రెజిల్‌లోని సెయరా రాష్ట్రానికి చెందినవారు. పేద కుటుంబంలో పుట్టి, పెద్దగా బడి చదువు లేకుండానే సొంతంగా చదువుకొని, పోటీ పరీక్ష రాసి పన్నుల శాఖలో ఉద్యోగం సంపాదించారు. గ్రీకు తత్త్వవేత్తల రచనలు చదువుతున్న కాలంలో పుట్టిన ముగ్గురు కొడుకులకు సోక్రటీస్, సోస్తెనెస్, సోఫోక్లెస్ అని పేర్లు పెట్టారు. బ్రెజిల్ పోర్చుగీసులో ఈ ఆటగాడి పేరు ‘సోక్రచిస్’ అన్నట్లుగా వినిపిస్తుంది. తెలుగులో ఏథెన్స్ తత్త్వవేత్తకు స్థిరపడిన రూపాన్నే ఇక్కడ వాడడం సమంజసం, తండ్రి ఉద్దేశించినది ఆ వ్యక్తినే కనుక.

ఉద్యోగరీత్యా కుటుంబం సావో పావులో రాష్ట్రంలోని రిబెయిరావ్ ప్రెతో పట్టణానికి తరలింది. 1964లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నప్పుడు సోక్రటీస్‌కు పదేళ్ళు. తండ్రి ఎంతో ప్రేమతో కూడబెట్టుకున్న పుస్తకాలలో రష్యా విప్లవానికి సంబంధించినవి కొన్ని ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి ఇంట్లో అవి దొరికితే ప్రమాదమని తండ్రే వాటిని తగలబెట్టారు. తన రాజకీయ స్పృహకు మొదలు ఆ దృశ్యమేనని సోక్రటీస్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు. జ్ఞాపకం ఎప్పుడూ జరిగిన కథను కొంత చక్కదిద్దుతుంది కనుక పదేళ్ళ పిల్లవాడికి ఆనాడే అంతా అర్థమైందని భావించనవసరం లేదు. పైగా విద్యార్థి దశలో ఆయన రాజకీయాలకు దూరంగానే ఉన్నారు. చదువు, ఆట, మిత్రులు, బీరు – ఇవే ఆనాటి లోకం. 1982 నాటి సోక్రటీస్‌ను 1964లోనే వెదకడం జీవితచరిత్రకారులకు తరచూ ఎదురయ్యే ఆకర్షణ, దానికి లొంగకపోవడమే మంచిది.

3. వైద్యవిద్యార్థి ఆట

ఆయన సావో పావులో విశ్వవిద్యాలయానికి చెందిన రిబెయిరావ్ ప్రెతో వైద్య కళాశాలలో చేరారు. 1974 నుంచి అదే పట్టణంలోని బొతఫోగో క్లబ్బు తరఫున ఆడారు. రియో నగరంలోని ప్రసిద్ధ బొతఫోగో వేరు, ఇది వేరు. తరగతులు, ఆసుపత్రి విధులు ఉన్న రోజులలో సాధనకు రానవసరం లేదని క్లబ్బు ఆయనకు మినహాయింపు ఇచ్చింది. వృత్తి ఫుట్‌బాల్‌లో ఇది అసాధారణమైన సౌకర్యం. 1976లో సావో పావులో రాష్ట్ర పోటీలలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడిగా నిలిచారు. 1977లో ఆ పోటీల తొలి అంచెలో బొతఫోగో విజేత అయింది. అదే సంవత్సరం ఆయన వైద్యపట్టా అందుకున్నారు. ‘డాక్టర్’ అన్న పిలుపు అప్పటి నుంచి ఆయన పేరులో భాగమైపోయింది.

ఆయన ఆటతీరు మీద ఈ సగం సాధన ప్రభావం స్పష్టంగా ఉంది. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలకు దగ్గర, శరీరం సన్నం, పాదాలు ఆ ఎత్తుకు చిన్నవి. పరుగులో వేగం లేదు. అంత పొడవైన మనిషి వెనక్కి తిరిగి బంతి అందించాలంటే పట్టే క్షణంలో ప్రత్యర్థి మీద పడతాడు. అందుకు ఆయన కనుగొన్న మార్గం మడమ. తిరగకుండానే, చూడకుండానే, వెనుక ఉన్న సహచరుడికి మడమతో బంతి నెట్టడం ప్రేక్షకులకు విన్యాసంగా కనిపించింది. నిజానికి అది శరీర పరిమితికి వెదికిన పరిష్కారం. ఎవరు ఎక్కడ ఉన్నారో బంతి అందకముందే చూసి పెట్టుకొని, ఒక్క స్పర్శతో దానిని వదిలించుకోవడం ఆయన పద్ధతి. మధ్యశ్రేణి ఆటగాడికి కాళ్ళకంటే ముందు కళ్ళు ఉండాలన్న మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

4. ‘పాసె’: చట్టం చేతిలో ఆటగాడు

1978లో సోక్రటీస్ కొరింథియన్స్‌కు మారారు. 1910లో బొం రెతీరో వాడలోని శ్రామికులు స్థాపించిన క్లబ్బు అది. 1954 తరువాత 23 ఏళ్ళపాటు రాష్ట్ర టైటిల్ లేక, 1977లో మళ్ళీ గెలిచింది. దాని అభిమానులకు ఓటమి పరాయిది కాదు. 1979లో క్షమాభిక్ష చట్టం కోసం ఉద్యమం నడుస్తున్నప్పుడు ఆ అభిమానుల సంఘం స్టేడియంలోనే రాజకీయ ఖైదీలకు సంపూర్ణ క్షమాభిక్ష కోరుతూ బ్యానరు ఎగరేసింది. అంటే రాజకీయం కొరింథియన్స్ ప్రేక్షకుల గ్యాలరీలోకి ఆటగాళ్ళ గదిలోకంటే ముందే వచ్చింది. ఈ వరుసను గమనించకపోతే తరువాతి కథ అంతా కొందరు ప్రతిభావంతుల ఆలోచనగా మాత్రమే కనిపిస్తుంది.

ఆనాటి ఆటగాడి చట్టబద్ధ స్థితి ఇక్కడ ముఖ్యం. బ్రెజిల్‌లో ‘పాసె’ అనే విధానం ఉండేది. ఒప్పందం కాలం ముగిసినా ఆటగాడి మీద హక్కు క్లబ్బు దగ్గరే మిగిలిపోయేది. వేరే క్లబ్బు ఆ హక్కును కొనేదాకా అతడు కదలలేడు. 1976లో వచ్చిన చట్టం ఆటగాడిని ఉద్యోగిగా గుర్తించి కొన్ని రక్షణలు కల్పించినా ఈ పట్టును తొలగించలేదు. దీనికి తోడు ‘కొన్సెంత్రసావ్’ అనే ఆచారం ఉంది. ఆటకు ముందు ఒకటి రెండు రోజులు ఆటగాళ్ళందరినీ, పెళ్ళయి పిల్లలున్నవారిని సహా, ఒక హోటల్లోనో శిబిరంలోనో ఉంచి కాపలా కాయడం. పెద్దవారిని హాస్టలు పిల్లలుగా చూసే ఈ పద్ధతిని క్లబ్బు యజమాన్యాలు క్రమశిక్షణగా పేర్కొనేవి.

దేశస్థాయిలోనూ ఫుట్‌బాల్ పాలకుల చేతి పనిముట్టుగా ఉండేది. క్రీడా సమాఖ్యకు 1970ల నడుమ నౌకాదళ అధికారి ఒకరు అధ్యక్షులయ్యారు. ప్రభుత్వ పార్టీ బలహీనపడిన ప్రాంతాలను సంతోషపెట్టడానికి అక్కడి క్లబ్బులను జాతీయ పోటీలలో చేర్చుకుంటూ పోవడంతో 1979 నాటికి వాటి సంఖ్య 94కు చేరింది. సావో పావులో పారిశ్రామిక శివార్లలో 1978 నుంచి లోహకార్మికుల సమ్మెలు మొదలయ్యాయి. శ్రమ, గౌరవం, ఓటు అనే మూడు మాటలూ నగరమంతా వినిపిస్తున్న కాలం అది.

5. కొరింథియన్స్ ప్రజాస్వామ్యం

1981 కొరింథియన్స్‌కు చెడ్డ సంవత్సరం. రాష్ట్ర పోటీలలో వెనుకబడటంతో 1982 జాతీయ పోటీలను రెండో శ్రేణిలో ప్రారంభించవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి క్లబ్బును సొంత ఇల్లులా నడిపిన విసెంతె మతేయుస్ స్థానంలో వల్దెమార్ పిరెస్ అధ్యక్షులయ్యారు. తన మాట దాటడని మతేయుస్ నమ్మిన వ్యక్తి ఆయన, ఆ నమ్మకం నిలవలేదు. ఫుట్‌బాల్ విభాగాన్ని పిరెస్ అదిల్సన్ మొంతెయిరో ఆల్వెస్ అనే యువ సామాజికశాస్త్రవేత్తకు అప్పగించారు. క్లబ్బు పెద్దలలో ఒకరి కుమారుడైన ఆయనకు ఫుట్‌బాల్ అనుభవం లేదు. ఆటగాళ్ళతో తొలి సమావేశంలో ఆదేశాలివ్వకుండా, ఏం తప్పు జరుగుతోందో చెప్పమని అడిగి గంటల తరబడి విన్నారు. కొరింథియన్స్ ప్రజాస్వామ్యానికి పునాది పడినది ఆ వినడంలోనే అని చెప్పవచ్చు.

ఆ తరువాత క్లబ్బు విషయాలు ఓటుకు వచ్చాయి. సాధన వేళలు, ప్రయాణ ఏర్పాట్లు, కొత్త ఆటగాళ్ళ ఎంపిక, బస్సు దారిలో ఆగాలా వద్దా అన్న చిన్న విషయం కూడా. జట్టు సామగ్రి చూసుకొనే పనివాడికీ కెప్టెన్‌కూ ఒకే ఓటు. పెళ్ళైన ఆటగాళ్ళకు నిర్బంధ శిబిరం ఐచ్ఛికమైంది, క్రమంగా మిగిలినవారికి కూడా. ఈ ఒక్క నిర్ణయం మీద పత్రికలలో జరిగినంత చర్చ మరి దేనిమీదా జరగలేదు. ఆటగాళ్ళు తాగి తిరుగుతారని, శిక్షణ చెడుతుందని విమర్శ వచ్చింది. సోక్రటీస్ తాగేవారు, సిగరెట్లు కాల్చేవారు, దానిని దాచేవారు కాదు. విమర్శకులకు ఆయనే సాక్ష్యం, సమర్థకులకూ ఆయనే సాక్ష్యం. అదే కాలంలో జట్టు గెలిచింది కూడా: 1982, 1983 రాష్ట్ర టైటిళ్ళు వరుసగా కొరింథియన్స్‌వే. 1982లో రాష్ట్ర పోటీలలో అత్యధిక గోల్స్ చేసినది ఇరవై ఏళ్ళు కూడా నిండని వాల్తెర్ కాసాగ్రాండే.

సోక్రటీస్ ఒక్కరే ఇదంతా చేశారన్న కథనం ఇక్కడ నిలబడదు. ఎడమ రక్షణశ్రేణిలో ఆడిన వ్లాదిమీర్ నల్లజాతీయుడు, క్రీడాకారుల కార్మిక సంఘానికి నాయకత్వం వహించినవాడు. కొరింథియన్స్ తరఫున ఎనిమిది వందలకు పైగా ఆటలు ఆడి క్లబ్బు రికార్డు నెలకొల్పినవాడు. పాసె విధానం వల్ల నష్టపోయే సామాన్య ఆటగాడి గొంతు ఆయనది. వైద్యపట్టా ఉన్న సోక్రటీస్‌కు ఫుట్‌బాల్ పోయినా బతుకు పోదు. వ్లాదిమీర్ వంటివారికి ఆ భద్రత లేదు. ధైర్యం ఎవరిది ఎక్కువ అన్న ప్రశ్న వేసుకున్నప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. అయితే పత్రికలు వెంటపడినది కెప్టెన్ వెంటే, ప్రజల ముందు వాదన చక్కగా వినిపించగలిగినదీ ఆయనే. పేరు ప్రతిష్ఠలను సామూహిక నిర్ణయానికి కవచంగా వాడటం ఆయన చేసిన అసలైన పని.

ఉద్యమానికి పేరు, రూపం బయటినుంచి వచ్చాయి. పాత్రికేయుడు జూకా క్ఫూరి ఒక చర్చలో అన్న మాటను ప్రకటనల రంగ నిపుణుడు వాషింగ్టన్ ఒలివెత్తో అందిపుచ్చుకొని ‘దెమొక్రసియా కొరించియానా’ అన్న నినాదంగా తీర్చారు. జెర్సీల మీద వాణిజ్య ప్రకటనలకు బ్రెజిల్‌లో అనుమతి వచ్చింది ఆ రోజులలోనే. ఆ జాగాను కొరింథియన్స్ రాజకీయ సందేశానికి వాడింది. 1982 నవంబర్ 15న రాష్ట్ర గవర్నర్లకు 1965 తరువాత తొలిసారి ప్రత్యక్ష ఎన్నికలు జరగనుండగా, ‘15వ తేదీన ఓటు వేయండి’ అని ఆటగాళ్ళ వీపుల మీద రాసి ఉంది. ఏ పార్టీకి అన్నది లేదు. ఎవరికి వేయమనకుండా వేయమని మాత్రమే చెప్పిన ఆ మాటను సైతం క్రీడాధికారులు అభ్యంతరకరంగా భావించారు. ఓటు అనే పదమే పక్షం వహించడమయ్యే స్థితి అది. ఆ ఎన్నికలలో సావో పావులో గవర్నరుగా ప్రతిపక్షానికి చెందిన ఫ్రాంకో మొంతోరో గెలిచారు.

1983 డిసెంబర్‌లో సావో పావులో క్లబ్బుతో జరిగిన తుది పోరుకు కొరింథియన్స్ ఆటగాళ్ళు ఒక బ్యానరు పట్టుకొని మైదానంలోకి వచ్చారు. గెలిచినా ఓడినా ఎప్పుడూ ప్రజాస్వామ్యంతోనే అన్నది దాని అర్థం. ఆట 1–1గా ముగిసింది. కొరింథియన్స్ గోల్ సోక్రటీస్‌దే, టైటిల్ జట్టుకు దక్కింది. ఆ సంవత్సరం దక్షిణ అమెరికా ఉత్తమ ఆటగాడిగా కూడా ఆయన ఎంపికయ్యారు.

6. ప్రయోగం అంచులు

ఈ ప్రయోగాన్ని కేవలం కీర్తించే రచనలలో ప్రస్తావనకు రాని విషయాలు కొన్ని ఉన్నాయి. 1983లో గోల్‌కీపర్ ఎమెర్సన్ లియావో రాక విషయంలో ఆటగాళ్ళ మధ్య విభేదాలు తలెత్తాయి. లియావో ఆ తరువాత క్లబ్బులో ఉంటూనే దాని ప్రజాస్వామ్యాన్ని బాహాటంగా విమర్శించారు, అది కొందరి మాట చెల్లే ప్రజాస్వామ్యమని. కోపంతో అన్న మాట అయినా అందులో నిజం లేకపోలేదు. చర్చలో మాటకారులదే పైచేయి. కొద్దిమంది పేరున్న ఆటగాళ్ళు ఒకవైపు మొగ్గితే యువ ఆటగాళ్ళు, ప్రత్యామ్నాయ ఆటగాళ్ళు ఎదురు ఓటు వేయడం సులభం కాదు. శిక్షకుడు మారియో త్రవగ్లీని వెళ్ళిపోయినప్పుడు సహచరుడైన జె మరియాకు కొంతకాలం శిక్షకుడి బాధ్యత అప్పగించడం వంటి నిర్ణయాలు ఆదర్శప్రాయమైనవే గాని, ఆటలో అవి ఎక్కువకాలం నిలవలేదు.

అంతకంటె లోతైన వైరుధ్యం మరొకటి ఉంది. కొత్త ఆటగాడిని తీసుకోవాలా, ఎవరిని వదులుకోవాలా అని ఓటు వేస్తున్నవారు స్వయంగా పాసె చట్టం కింద క్లబ్బు ఆస్తిలో భాగమే. అమ్మకానికి ఉన్నవారు అమ్మకాల మీద ఓటు వేయడం ఇది. క్లబ్బు అధ్యక్షుడిని ఎన్నుకొనే హక్కు ఆటగాళ్ళకు లేదు. ఆ హక్కు సభ్యులది, సలహామండలిది. పిరెస్, అదిల్సన్ కుర్చీలలో ఉన్నంతకాలమే ఈ ఓట్లకు విలువ. 1985లో జరిగిన క్లబ్బు ఎన్నికలలో అదిల్సన్ ఓడిపోయారు, ప్రయోగం అక్కడితో ముగిసింది. దేశంలో ఓటు హక్కు కోసం పోరాడినవారి ప్రజాస్వామ్యం తమ క్లబ్బులో తమకు ఓటు లేని ఎన్నికలో అంతమైంది.

ఇంత చెప్పాక కూడా దాని విలువ తగ్గిపోదు. 1982లో ఒక బ్రెజిల్ కార్మికుడు తన దేశాధ్యక్షుడిని ఎన్నుకోలేడు, తన యజమానిని ప్రశ్నించలేడు. అటువంటి చోట పని వేళలను చేతులెత్తి నిర్ణయించుకున్న ఒక జట్టు ప్రతి ఆదివారం లక్షలాది మంది కళ్ళ ముందు ఆడి గెలవడం చిన్న విషయం కాదు. క్రమశిక్షణకు భయం అవసరం లేదన్న వాదనకు అక్కడ గోల్స్ సంఖ్యే సమాధానం చెప్పింది.

7. సర్రియా మధ్యాహ్నం

కొరింథియన్స్‌లో ఈ మార్పులు సాగుతుండగానే 1982 ప్రపంచకప్ వచ్చింది. శిక్షకుడు తెలె సాంతన ఆయనను కెప్టెన్ చేశారు. ఆ పోటీల కోసం సోక్రటీస్ సిగరెట్లు మాని, శరీరాన్ని ఎన్నడూ లేనంతగా సిద్ధం చేసుకున్నారు. ఫల్కావ్, సెరెజో, జికో, సోక్రటీస్ – ఈ నలుగురి మధ్యశ్రేణిని అంతటి సహజమైన కూర్పుగా ఈనాటికీ చెప్పుకుంటారు. తొలి ఆటలో సోవియట్ యూనియన్ ముందుగా గోల్ చేసింది. 75వ నిమిషంలో ఇద్దరిని తప్పించుకొని దూరం నుంచి సోక్రటీస్ కొట్టిన బంతి స్కోరు సమం చేసింది. స్కాట్లాండ్, న్యూజిలాండ్, ఆ తరువాత అర్జెంటీనా ఓడిపోయాయి.

జూలై 5న బార్సెలోనాలోని సర్రియా స్టేడియంలో ఇటలీతో ఆట. సమంగా ముగిస్తే చాలు, బ్రెజిల్ సెమీఫైనల్‌కు చేరుతుంది. పావులో రోసి ఐదో నిమిషంలో ఇటలీకి ఆధిక్యం ఇచ్చాడు. 12వ నిమిషంలో జికో అందించిన బంతితో దూసుకెళ్ళి గోల్‌కీపర్ జోఫ్‌కూ స్తంభానికీ నడుమ సన్నటి సందులోంచి సోక్రటీస్ సమం చేశారు. రోసి రెండోది, ఫల్కావ్ 68వ నిమిషంలో మళ్ళీ సమానం, 74వ నిమిషంలో రోసి మూడోది. 3–2. సమం చాలినప్పుడూ దాడికే వెళ్ళడం తప్పా అన్న చర్చ బ్రెజిల్‌లో ముగిసినట్లు లేదు. ఆ ఓటమి తరువాత ఆ దేశపు ఫుట్‌బాల్ రక్షణకూ శరీరబలానికీ ఎక్కువ విలువ ఇవ్వసాగిందని సోక్రటీస్ స్వయంగా విచారించేవారు. ఆయనకు సంబంధించినంతవరకు గెలుపుకోసం మాత్రమే ఆడే ఆట, ఆదేశం కోసం మాత్రమే పనిచేసే పని ఒకే కోవలోవి.

8. ఒక షరతు, ఒక ప్రయాణం

1983 చివరి నుంచి ‘దిరేతస్ జా’ – ప్రత్యక్ష ఎన్నికలు ఇప్పుడే – అన్న ఉద్యమం దేశమంతటా వ్యాపించింది. యువ ప్రతినిధి దాంతె దె ఒలివెయిరా ప్రతిపాదించిన సవరణ దానికి ఆధారం. పసుపు రంగు ఉద్యమ చిహ్నం. సభల వేదికల మీద వ్యాఖ్యాతగా వినిపించిన గొంతు రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానంతో ఇంటింటికీ తెలిసిన ఒస్మార్ సాంతోస్‌ది. రాజకీయ సభకు ఫుట్‌బాల్ భాష అలా చేరింది. 1984 ఏప్రిల్ 16న సావో పావులో నడిబొడ్డున ఆన్యంగబావు లోయలో జరిగిన సభకు వచ్చిన జనాన్ని పది లక్షలకు పైగా లెక్కగట్టారు. సంఖ్య మీద వివాదం ఉన్నా, నగరం అంతకుముందు అటువంటి సభను చూడలేదన్నదానిపై లేదు. ఆ వేదిక మీద, సవరణ నెగ్గితే ఇటలీ అవకాశాన్ని వదులుకొని బ్రెజిల్‌లోనే ఉంటానని సోక్రటీస్ ప్రకటించారు.

తొమ్మిది రోజుల తరువాత సవరణ ఓడింది. ఓటింగు సమయంలో రాజధాని బ్రసీలియాలో అత్యవసర చర్యలు అమలులో ఉన్నాయి. సోక్రటీస్ ఫ్లోరెన్స్ నగరపు ఫియొరెంతీనాకు వెళ్ళారు.

ఈ షరతును త్యాగంగా చూసినవారున్నారు, నాటకంగా చూసినవారూ ఉన్నారు. ఇటలీ ఇవ్వజూపిన డబ్బు కొరింథియన్స్ ఇవ్వగలిగినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ కనుక ఆయన ఎలాగూ వెళ్ళేవారేనన్నది రెండో పక్షం వాదన. దానిని రుజువు చేయడం సాధ్యం కాదు, ఎందుకంటే షరతు నెరవేరలేదు. గమనించవలసినది షరతు స్వరూపం. పాసె కింద ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించే హక్కు ఆటగాడికి లేని దేశంలో, తన కదలికను తన ఇష్టంగా, ప్రజల ఓటుతో ముడిపడిన విషయంగా ప్రకటించడమే ఒక ధిక్కారం. వెళ్ళిపోయాక మాత్రం ఆయన అక్కడ సుఖంగా లేరు. కఠిన సాధన, శిబిరం, ఆదేశం – తాను రెండేళ్ళు ఎదిరించిన వ్యవస్థే మరింత సమర్థంగా ఇటలీలో ఎదురైంది. లీగులో 25 ఆటలు, 6 గోల్స్, ఒక్క సీజన్‌తో తిరిగి వచ్చేశారు.

తిరిగివచ్చేసరికి దేశం మారింది, కాని ఆయన కోరుకున్న దారిలో కాదు. 1985 జనవరిలో పరోక్ష ఎన్నికలో గెలిచిన తాంక్రేదో నెవెస్ పదవి చేపట్టకుండానే మరణించగా ఉపాధ్యక్షుడు జొసె సార్నే అధ్యక్షులయ్యారు. కొరింథియన్స్‌లో ప్రయోగం ముగిసిపోయింది. సోక్రటీస్ ఫ్లమెంగోకు, ఆ తరువాత సాంతోస్‌కు ఆడారు. 1986 మెక్సికో ప్రపంచకప్‌లో తలకు కట్టుకున్న పట్టీల మీద సందేశాలు రాసుకొని దిగారు. మొదటిది అంతకుముందు ఏడాది భూకంపానికి గురైన ఆతిథ్య దేశం ఇంకా నిలబడే ఉందని చెప్పేది. జూన్ 21న గ్వాదలహారాలో ఫ్రాన్స్‌తో ఆట 1–1గా ముగిసి పెనాల్టీలకు వెళ్ళింది. పరుగు తీయకుండా రెండడుగుల దూరం నుంచి కొట్టడం ఆయన అలవాటు. మొదటి పెనాల్టీ ఆయనే తీసుకున్నారు, గోల్‌కీపర్ బాత్స్ ఆపేశాడు. బ్రెజిల్ ఇంటిదారి పట్టింది. జాతీయ జట్టు తరఫున 60 ఆటలు, 22 గోల్స్ ఆయన లెక్క. కొరింథియన్స్‌కు దాదాపు మూడు వందల ఆటలలో 172.

1989లో తాను మొదలుపెట్టిన బొతఫోగో జెర్సీతోనే వృత్తి ఫుట్‌బాల్ ముగించారు. 1960 తరువాత బ్రెజిల్ ప్రజలు తమ అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకున్నదీ ఆ సంవత్సరమే. అంటే అధ్యక్ష ఎన్నికలో తొలిసారి ఓటు వేయగలిగేనాటికి సోక్రటీస్ వయసు 35.

9. తరువాతి కాలం

వైద్యవృత్తి, పత్రికలలో వ్యాసాలు, అప్పుడప్పుడు శిక్షణ – ఇలా సాగిన మిగతా జీవితంలో ఆటకు సంబంధించిన ఘట్టాలు తక్కువ. 2002లో రికార్దో గొజ్జితో కలిసి కొరింథియన్స్ ప్రజాస్వామ్యంపై పుస్తకం రాశారు. తమ్ముడు రాయి 1994లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉండి, అన్నకు దక్కని పతకాన్ని ఇంటికి తెచ్చాడు. పెలె క్రీడామంత్రిగా ఉండగా రూపొంది 1998లో ఆమోదం పొందిన చట్టం పాసె విధానానికి ముగింపు పలికింది, ఆ భాగం 2001 నుంచి అమలైంది. దానితో ఆటగాడు క్లబ్బు నుంచి విముక్తుడై ఏజెంట్ల, పెట్టుబడిదారుల చేతుల్లో పడ్డాడన్న విమర్శ బ్రెజిల్‌లో బలంగా ఉంది. 1982లో ఆటగాళ్ళు అడిగినది ఒప్పంద స్వేచ్ఛ ఒక్కటే కాదు, పనిచేసే చోట మాట చెల్లుబాటు. రెండోదానికి ఏ చట్టమూ రాలేదు.

ఏళ్ళ తాగుడు ఆయన కాలేయాన్ని దెబ్బతీసింది. వైద్యుడై ఉండీ ఆపుకోలేదు. 2011 డిసెంబర్ 4, ఆదివారం తెల్లవారుజామున సావో పావులో ఆసుపత్రిలో 57 ఏళ్ళ వయసులో మరణించారు. ఆ మధ్యాహ్నం పకయెంబు స్టేడియంలో కొరింథియన్స్ పల్మెయిరాస్‌తో జాతీయ లీగు చివరి ఆట ఆడవలసి ఉంది. ఆట మొదలుకాకముందు ఆటగాళ్ళు మధ్యవలయం చుట్టూ నిలబడి, గోల్ చేసినప్పుడల్లా ఆయన చేసినట్లే కుడి పిడికిలి పైకెత్తారు. గ్యాలరీలు కూడా ఎత్తాయి. ఆట 0–0గా ముగిసింది, టైటిల్ కొరింథియన్స్‌కు వచ్చింది. ఆనాడు పిడికిలి ఎత్తిన ఆటగాళ్ళలో పాసె కింద ఉన్నవారు ఒక్కరూ లేరు.